కరువు ఏడాదికి నియమం లేని నీటి హక్కు

2009లో నైరుతి రుతుపవనాలు దేశమంతటా దెబ్బతిన్నాయి. వర్షపాతం సగటు కంటే 22 శాతం తగ్గింది. కృష్ణా పరీవాహకంలో నార్లు ఎండిపోయాయి, మెట్ట పైర్లు వాడిపోయాయి. అదే ఏడాది అక్టోబరు తొలి వారంలో కొద్ది రోజులు కురిసిన వానకు శ్రీశైలం జలాశయంలోకి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, కర్నూలు నగరం మునిగింది. పద్నాలుగేళ్ల తరువాత 2023 ఆగస్టు, 1901 నుంచి నమోదైన ఆగస్టు నెలలన్నింటిలోకీ దేశంలో అతి తక్కువ వాన కురిసిన నెలగా నిలిచింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయింది. నీటి సంవత్సరాన్ని జూన్ నుంచి మే వరకు లెక్కగడతారు. ఆ మొత్తం లెక్కలో కరువూ వరదా ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి గానీ, పొలంలో సరిచేసుకోవు.

ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందువల్ల వాన కురిసే రోజులు తగ్గి, కురిసినప్పుడు కుండపోతగా కురవడం పెరుగుతోంది. కుండపోత వాన నేలలోకి ఇంకడానికి వ్యవధి ఇవ్వదు. వాగులు పొంగి నీరు దిగువకు పోతుంది, ఆ తరువాతి నెల రోజుల బెట్టకు పైరు నీళ్ల కోసం బోరు వైపో కాలువ వైపో చూడవలసి వస్తుంది. ఎండ తీవ్రత పెరిగేకొద్దీ అదే పంటకు కావలసిన తడులూ పెరుగుతాయి. మొత్తం మీద ఇకపై ప్రతి ఏడాదీ నీరు తగ్గుతుందని కాదు, ఏ ఏడాది ఎంత ఉంటుందో, ఏ నెలలో వస్తుందో చెప్పలేని స్థితి పెరుగుతుంది. మన నీటి చట్టాలు మాత్రం స్థిరమైన సగటును నమ్ముకుని రాసినవి. నీరు తగ్గిన ఏడాది ఎవరు ఎంత తగ్గించుకోవాలన్న ప్రశ్నకు వాటిలో సమాధానం లేదు. రైతులకు జరుగుతున్న అన్యాయంలో పెద్ద భాగం ఆ ఖాళీలో నుంచే పుడుతోంది.

ముందుగా భూగర్భ జలం సంగతి. దీని మీద భూయజమానికి ఉన్న హక్కుకు నేటికీ ఆధారంగా చూపేది 1882 నాటి భారత ఈజ్‌మెంట్ చట్టం. నిర్ణీతమైన మార్గంలో పారని భూగర్భ జలాన్ని తన భూమి హద్దుల్లో సేకరించుకుని వాడుకునే హక్కు ప్రతి యజమానికీ ఉందని ఆ చట్టంలోని ఏడో సెక్షను చెబుతుంది. దీనికి మూలం 19వ శతాబ్దపు ఇంగ్లండు తీర్పులు. నేల కింద నీరు ఎటు కదులుతుందో కంటికి కనబడదు గనుక దానికి నియమం పెట్టడం సాధ్యం కాదని అప్పటి న్యాయమూర్తులు భావించారు. మోటతోనో ఏతంతోనో నీరు తోడిన రోజుల్లో ఈ సూత్రం పెద్దగా హాని చేయలేదు, ఎందుకంటే రెండెద్దులు రోజంతా తోడినా పక్క బావి ఎండేది కాదు. సబ్‌మెర్సిబుల్ మోటారు వచ్చాక పరిస్థితి మారింది. ఎవరు లోతుకు వేయగలిగితే వారిదే నీరు. అంటే అందరికీ సమానంగా రాసిన హక్కు ఆచరణలో పెట్టుబడి పెట్టగలిగినవారి హక్కుగా మారింది.

రాయలసీమ, తెలంగాణల్లో ఈ మార్పు మరింత తీవ్రంగా ఎందుకు తగిలిందో తెలియాలంటే అక్కడి రాయిని గురించి చెప్పుకోవాలి. ఈ ప్రాంతాల్లో ఎక్కువ భాగం గ్రానైటు, నైస్ శిలలే. పైన 20, 30 మీటర్ల వరకు శిథిలమైన రాతి పొర, దాని కింద పగుళ్లు ఉంటాయి. ఆ పగుళ్లూ లోతుకు పోయేకొద్దీ తగ్గిపోతాయి. ఈ రాయి తన పరిమాణంలో 1 నుంచి 3 శాతం మాత్రమే నీటిని విడుదల చేస్తుంది. నీటిమట్టం ఒక మీటరు పడిపోయిందంటే దక్కింది 10 నుంచి 30 మిల్లీమీటర్ల నీరు మాత్రమే. అనంతపురంలో సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. గట్టి రాతి నేలల్లో దానిలో పదో వంతుకు కాస్త అటూఇటూ మాత్రమే భూమిలోకి ఇంకుతుందని భూగర్భ జల అంచనాల్లో లెక్కిస్తారు. అంటే ఎకరం మీద కురిసిన వానలో ఆ ఎకరం కిందికి చేరేది 60 మిల్లీమీటర్లకు మించదు. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు పెడతారు. అందులో కొంత తిరిగి భూమిలోకి ఇంకుతుంది గనుక, దాన్ని 40 శాతంగా తీసివేసి చూసినా ఒక ఎకరం వరి దాదాపు 12 ఎకరాల మీద ఇంకిన వానను వాడుకుంటుంది. ఆ మిగతా పదకొండు ఎకరాల యజమానులను ఎవరూ అడగలేదు. అడగాలని చట్టమూ చెప్పలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ సమస్యను గుర్తించకపోలేదు. తాగునీటి వనరుల రక్షణకు 1996లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అందరూ వాల్టా అని పిలిచేది, అమలులోకి వచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ ఇదే ప్రధాన చట్టం. ప్రతి బావినీ నమోదు చేయాలి, బోరు బండ్లకు రిజిస్ట్రేషను ఉండాలి, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయరాదు, భూగర్భ జలాన్ని అతిగా తోడేసిన గ్రామాలుగా ప్రకటించిన చోట్ల కొత్తగా సాగు బోర్లే వేయకూడదు. చదివితే గట్టి చట్టమే. అయితే అది ప్రధానంగా అదుపు చేసేది బోరు వేయడాన్ని, నీరు తోడడాన్ని కాదు. నిషేధిత గ్రామంలో ఇప్పటికే నాలుగు బోర్లున్న రైతు రాత్రింబవళ్లు తోడుకోవచ్చు. తన తండ్రి కాలంలో బోరు వేయలేకపోయిన రెండెకరాల రైతు, ఇప్పుడు అప్పు తెచ్చి వేయబోతే చట్టవిరుద్ధం అవుతుంది. ఆలస్యంగా వచ్చినవారిలో ఎక్కువమంది చిన్న రైతులు, భూ పంపిణీలో భూమి పొందిన దళిత, గిరిజన కుటుంబాలు. న్యాయం చేయడానికి ప్రభుత్వాలు మళ్లీ వేరే దారి వెతికాయి. 2011లో ఇందిర జలప్రభ, 2020లో వైఎస్సార్ జలకళ వంటి పథకాల కింద ఉచితంగా బోర్లు వేయించాయి. ఒక శాఖ వద్దన్న పనిని మరో శాఖ డబ్బిచ్చి చేయించవలసి వచ్చిందంటే తప్పు ఆ శాఖలది కాదు. ఉన్న నీటిని పంచే దారి చట్టంలో లేకపోవడం వల్ల, కొత్తగా నీరు తవ్వడమే న్యాయానికి మిగిలిన ఏకైక మార్గం అయింది.

విద్యుత్తు కూడా ఇదే ధోరణిని బలపరిచింది. 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పడింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైంది. అప్పటికే వరుస కరువుల్లో అప్పులపాలైన రైతుకు ఇది నిజమైన ఊరట, దాన్ని తక్కువ చేసి చూడడం అన్యాయం. కాలువ కింది రైతు నామమాత్రపు నీటి తీరువాతో నీరు పొందుతుంటే, బోరు కింది రైతు తన సొంత ఖర్చుతో తవ్వి, కరెంటు బిల్లు కూడా కట్టాలనడం ఏ సమానత్వం? అయినా మోటారు ఆపడానికి ఉన్న ఒకే ఒక్క కారణం, అంటే ఖర్చు, ఉచిత విద్యుత్తుతో తొలగిపోయిందన్నదీ నిజమే. 24 గంటల సరఫరా మొదలైనప్పుడు, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్లు తీసేయమని తెలంగాణలో అధికారులే ఊరూరా ప్రచారం చేయవలసి వచ్చింది. మోటార్లకు మీటర్లు పెట్టి, బిల్లు మొత్తాన్ని రైతు ఖాతాకు నగదుగా బదిలీ చేస్తామన్న ఆలోచన ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం జిల్లాలో మొదలైంది. తెలంగాణ దాన్ని తిరస్కరించింది. రైతు భయం సహేతుకమైనదే, మీటరు వస్తే రేపు బిల్లూ వస్తుంది. ధరతో నీటిని అదుపు చేయాలనుకునేవారు గుర్తుంచుకోవలసింది ఒకటి ఉంది. ధర పెరిగితే ముందుగా సాగు మానేది ఎక్కువ నీరు వాడేవారు కాదు, తక్కువ డబ్బున్నవారు.

చట్టంలోని ఒక విచిత్రం చెరువుల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. చెరువులో ఉన్నంతసేపు నీరు ప్రభుత్వానిది, ఆయకట్టు రైతులందరికీ అందులో భాగం ఉంది. అదే నీరు చెరువు కట్ట దాటి నేలలోకి ఇంకిన క్షణం నుంచి, కింద బోరున్న వ్యక్తిగత యజమాని సొత్తు అవుతుంది. రాయలసీమలో అనేక చెరువుల తూములు మూసేసి, వాటిని ఇంకుడు చెరువులుగా మార్చుకున్నారు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను పునరుద్ధరించే లక్ష్యం పెట్టుకుంది. పూడిక తీసిన చోట బోర్లలో నీళ్లు పెరిగాయి, అది మంచిదే. అయితే ప్రజల సొమ్ముతో నింపిన ఆ నీటిలో బోరు లేని ఆయకట్టు రైతుకూ, కౌలు రైతుకూ ఉన్న పాత వాటా ఏమైందని ఎవరూ లెక్క చూడలేదు.

ఇక కాలువల కింద పరిస్థితి వేరు. అక్కడ రైతుకు హక్కు ఉందనిపిస్తుంది గానీ, నిజానికి హక్కు ఉన్నది రాష్ట్రానికి. కృష్ణా జలాలపై బచావత్ ట్రైబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు తప్పక వచ్చే నీటి ఆధారంగా, 2,060 టీఎంసీలను మూడు రాష్ట్రాలకు పంచింది. పునరుత్పత్తి జలాలు, అంటే పారించాక తిరిగి నదిలోకి చేరే నీరు కలుపుకుని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు వచ్చాయి. అందులో నాగార్జునసాగర్ కుడి, ఎడమ కాలువలకు చెరి 132 టీఎంసీలు. 2004లో ఏర్పడిన బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్ విశ్వసనీయతను 65 శాతానికి దించి పంపకాన్ని పెంచింది. రాష్ట్ర విభజన తరువాత 811 టీఎంసీలను ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా తాత్కాలికంగా పంచుకోవడమూ, దానిపై వివాదమూ అందరికీ తెలిసినవే. ఇన్ని లెక్కల్లో ఎక్కడా నీరు ఏ నెలలో రావాలన్నది రైతుకు ఉపయోగపడే స్థాయిలో లేదు. ఎగువ జలాశయాలు నిండేదాకా సాగర్‌కు చుక్క రాని ఏడాదిలో, జూలైలో పోయవలసిన నారు సెప్టెంబరుకు జరుగుతుంది. ఆలస్యంగా ఈనిన వరి నవంబరు, డిసెంబరు తుఫానులకు కోత దశలో దొరికిపోతుంది. టీఎంసీల్లో వాటా అందినట్టే, పంట మాత్రం అందదు. వానలు గతి తప్పుతున్న కాలంలో నీటి పరిమాణం కంటే నీటి తేదీ ముఖ్యమవుతోందన్న సంగతి అంతర్రాష్ట్ర వాదనల్లో తగినంతగా వినిపించకపోవడం విచారకరం.

ఆయకట్టులో ఒక ఎకరం ఉండడం అంటే నీరు అందుతుందన్న ఆశే గానీ, ఇన్ని ఘనపు మీటర్లు, ఫలానా తేదీన అన్న హామీ కాదు. నీరు తగ్గితే తగ్గింపు అందరికీ సమానంగా ఉండదు, కాలువ చివర నుంచి మొదలవుతుంది. తల దగ్గరి రైతు వరి వేస్తాడు, తూము దగ్గర ఆయిల్ ఇంజన్లు నడుస్తాయి, శివారు భూములకు చేరేసరికి పిల్ల కాలువలో తడి మాత్రమే మిగులుతుంది. 1997లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టం దీన్ని మార్చడానికే వచ్చింది. పది వేలకు పైగా సాగునీటి సంఘాలు ఏర్పడ్డాయి. ప్రతి పంట కాలానికీ వారాబందీ, అంటే వంతులవారీగా నీరు వదిలే పట్టిక తయారుచేసి అమలు చేయడం సంఘాల తొలి విధుల్లో ఒకటి. దేశంలో మరే రాష్ట్రమూ అప్పటికి ఇంత ధైర్యం చేయలేదని చెప్పుకోవచ్చు. కానీ కాలువలోకి ఎంత వదులుతారన్న నిర్ణయం పైనే ఉండిపోయింది, సంఘాలకు కొలిచే సాధనాలు ఇవ్వలేదు, పని క్రమంగా పూడికతీత బిల్లుల చుట్టూ తిరిగింది. ఎన్నికలు ఏళ్ల తరబడి క్రమం తప్పాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మళ్లీ జరిగాయి. కొత్త పాలకవర్గాలు గట్లు, షట్టర్ల మరమ్మతులతో ఆగిపోతే, పాతికేళ్ల క్రితం చట్టం చెప్పిన అసలు పని మళ్లీ మిగిలిపోతుంది.

లోటును పంచుకోవడం మన గ్రామాలకు కొత్త కాదు. తెలంగాణ చెరువుల కింద తైబందీ ఉండేది. పంటకాలం మొదట్లో చెరువులో ఉన్న నీరు చూసి ఈసారి ఎన్ని ఎకరాలు పారుతుందో తేల్చి, ఒక్కొక్కరి భూమిలో ఎంత భాగం నాటాలో నిర్ణయించేవారు. రాయలసీమలోని దామాషా పద్ధతి ఇంకో అడుగు ముందుకు వేసింది. నీరు చాలని ఏడాది తూముకు దగ్గరి భూముల్లోనే సాగు చేసి, శివారు రైతులకు ఆ ఒక్క పంటకు అక్కడే భాగం ఇచ్చేవారు. దూరం పారితే కాలువలో వృథా అయ్యే నీరు మిగిలేది, శివారు రైతు పస్తులుండవలసి వచ్చేది కాదు. ఈ పద్ధతులను ఆదర్శంగా చిత్రించడం సరికాదు. ఆయకట్టు భూములు ఎక్కువగా పెద్ద కులాల చేతుల్లో ఉండేవి, మడి మడికీ నీరు తిప్పే నీరటికి చాలా చోట్ల గింజలే గానీ గౌరవం దక్కలేదు. అయినా వాటిలోని ఒక సూత్రం నేటికీ అవసరం. హక్కు అంటే ఇంత నీరు అని కాకుండా, ఉన్న నీటిలో ఇంత వంతు అని. నీరు తగ్గితే అందరి వంతూ తగ్గుతుంది, ఏ ఒక్కరిదీ మాయం కాదు.

ఆస్ట్రేలియాలోని ముర్రే-డార్లింగ్ పరీవాహకంలో 1990ల నుంచి నడుస్తున్నదీ దాదాపు ఈ సూత్రమే. అక్కడ రైతుకున్నది ఒక వాటా, ప్రతి కాలంలో జలాశయాల నిల్వను బట్టి ఆ వాటాకు ఎంత శాతం నీరిస్తారో ప్రకటిస్తారు. కాకపోతే అక్కడ వాటాను భూమి నుంచి విడదీసి అమ్ముకోనిచ్చారు, కొనగలిగిన పెద్ద తోటల వైపు నీరు మళ్లింది. రెండెకరాల కమతాలున్న మన నేలలో నీటి వాటాను సరుకుగా మార్చడం ఆత్మహత్యాసదృశం. వాటా కావాలి, దాని అమ్మకం వద్దు.

భూగర్భ జలానికి ఈ సూత్రాన్ని వర్తింపజేసే ప్రయత్నం మన దగ్గరే జరిగింది. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాన్ని నిర్వహించుకునే ప్రాజెక్టు నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోని ఆరు వందలకు పైగా గ్రామాల్లో రైతులు, వారిలో మహిళలు కూడా, వానను కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని భూమిలో ఎంత నీరుందో, వేయదలచిన పంటలకు ఎంత కావాలో లెక్క వేసుకున్నారు. ఎవరి బోరుకూ తాళం వేయలేదు, ఎవరికీ రాయితీ ఇవ్వలేదు. లెక్క కళ్లెదుట కనబడినప్పుడు కొందరు వరి తగ్గించి ఆరుతడి పంటలు వేశారు. బడి చదువు అంతగా లేని రైతులు జలశాస్త్రం నేర్వగలరా అన్న సందేహానికి ఇది తిరుగులేని జవాబు. కానీ ప్రాజెక్టు నిధులు ముగిశాక కొలిచే పని అన్ని చోట్లా నిలవలేదు. ఊరి తీర్మానానికి చట్టబలం లేదు. పక్కవాడు మానకపోతే నేనెందుకు మానాలన్న ప్రశ్నకు సంఘం దగ్గర సమాధానం లేకపోయింది.

దీనికి సరిగ్గా ఎదురుకొసన పంజాబ్ ఉంది. 2009లో అక్కడ వచ్చిన చట్టం జూన్ 10కి ముందు వరి నాటరాదని చెప్పింది. బోర్లు లెక్కపెట్టనక్కరలేదు, మీటర్లు అక్కరలేదు, గట్టు మీద నిలబడి చూస్తే ఎవరు ఉల్లంఘించారో తెలిసిపోతుంది. అమలు చేయడం తేలికైన నిబంధన అది. అయితే నాట్లు వెనక్కి జరిగి, కోతకూ గోధుమ విత్తుకూ మధ్య వ్యవధి కుదించుకుపోవడంతో కొయ్యకాళ్లు తగలబెట్టడం మరింత పెరిగింది. వరికి మద్దతు ధర, ఉచిత విద్యుత్తు అలాగే ఉండడంతో నీటిమట్టం పడిపోవడమూ ఆగలేదు. తెలుగు నేలకు కావలసింది ఈ రెంటి కలయిక: ఊరు వేసుకున్న లెక్క, దాని వెనుక కంటికి కనిపించే, చట్టం నిలబెట్టే నిబంధన.

అలాంటి నిబంధనకు తగిన కొలమానం బోరు సంఖ్యా కాదు, మోటారు హార్స్‌పవరూ కాదు, పంట విస్తీర్ణం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు ద్వారా సర్వే నంబరు వారీగా ఏ పంట ఎంత వేశారో ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉంది, తెలంగాణలోనూ వ్యవసాయ విస్తరణాధికారులు పంటల వివరాలు సేకరిస్తారు. నీటిమట్టం కొలిచేందుకు భూగర్భ జల శాఖ వేసిన పరిశీలక బోర్లు, అంటే పీజోమీటర్లు, ఆ మట్టాన్ని నమోదు చేస్తున్నాయి. అక్టోబరు చివర ఈ రెండు సమాచారాలనూ గ్రామసభ ముందు పెట్టి, ఈ రబీలో బోరు కింద వరి మొత్తం ఇన్ని ఎకరాలకు మించరాదని, అది కుటుంబానికి ఇంత చొప్పున అందరికీ ఉంటుందని తేల్చే అధికారాన్ని వాల్టాలో చేర్చవచ్చు. నీరు రాష్ట్ర జాబితాలోని అంశం గనుక ఢిల్లీ అనుమతి కోసం ఆగనక్కరలేదు. కేంద్రం 2017లో రూపొందించిన నమూనా బిల్లు భూగర్భ జలాన్ని ప్రజల ఉమ్మడి సంపదగా, ప్రభుత్వాన్ని దాని ధర్మకర్తగా చూడాలని సూచించింది. ప్రకృతి వనరుల విషయంలో ఈ ధర్మకర్తృత్వ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1990లలోనే అంగీకరించింది. కోకాకోలా ఫ్యాక్టరీ భూగర్భ జలం తోడడంపై వచ్చిన ప్లాచిమడ కేసులో 2003లో కేరళ హైకోర్టు ఏక సభ్య ధర్మాసనం దాన్ని భూగర్భ జలానికి వర్తింపజేసినా, 2005లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, తన భూమిలో నీరు తోడుకునే హక్కు యజమానికి ఉందంటూ వేరుగా చూసింది. కోర్టులు తేల్చేదాకా వేచి ఉండడం కంటే శాసనసభలే తేల్చడం మేలు.

ఇందులో రెండు చిక్కులను దాటవేయకూడదు. మొదటిది కౌలు రైతు. నీటి వాటాను పట్టాదారు పేరిట రాస్తే, ఆంధ్ర డెల్టాలో నిజంగా సాగు చేస్తున్నవారిలో అధికులు మళ్లీ బయటే మిగులుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతు గుర్తింపు కార్డు పొందాలంటే యజమాని సంతకం కావాలి, చాలామంది యజమానులు పెట్టరు. అందువల్ల వాటా పంటకాలానికి పొలంలో ఉన్న సాగుదారుకు చెందాలి, ఈ-పంటలో నమోదైన పేరే దానికి ఆధారం కావాలి. వరి మానిన రైతు నష్టపోకుండా కంది, వేరుశనగ, జొన్నలను కూడా ఊళ్లోనే మద్దతు ధరకు కొనే ఏర్పాటు ఉండాలి. కొనుగోలు కేంద్రం వడ్లకు మాత్రమే తెరిచి, ఆరుతడి పంటలు వేయమని చెప్పడం న్యాయం కాదు.

రెండోది తోటలు. అనంతపురం చీనీ తోటను ఈ ఏడాది సగానికి తగ్గించుకోమనలేం, ఒక్క వేసవి నీరు తప్పితే పదేళ్ల పెంపకం పోతుంది. 2000 దశకం తొలి కరువుల్లో ట్యాంకర్లతో నీరు పోసి చెట్లు కాపాడుకున్న రైతులున్నారు, కాపాడుకోలేక నరికేసిన రైతులూ ఉన్నారు. వంతుల పద్ధతిలో తోటకు ప్రాణాధార తడి మొదటి వరుసలో ఉండాలి, అది కూడా బిందు సేద్యం కింద లెక్క కట్టినంతే. అప్పుడు తోటలు పెరిగేకొద్దీ పంచుకోవడానికి మిగిలే నీరు తగ్గుతుంది. అందుకే కొత్త తోట నాటేటప్పుడే ఊరి నీటి లెక్కలో దాన్ని రాయించుకోవాలి, చెత్త ఏడాది వానకు ఊరి భూగర్భ జలం ఎన్ని ఎకరాల తోటను బతికించగలదో ఆ మేరకే అనుమతి ఉండాలి. ఆ పరిమితి నిండిన ఊళ్లో కొత్త మొక్కలకు ఉద్యాన రాయితీ ఆపేయడం బోరుకు తాళం వేయడం కంటే తేలిక, ఆ పని ఈ ఏడాదే ఒక ఉత్తర్వుతో మొదలుపెట్టవచ్చు.